చెక్కుబందీలో తాటిచెట్టు

మా నాన్న పేరు ‘అప్పల’తో మొదలవుతుంది. విశాఖ ప్రాంతంలో అది ఒక మనిషి ఆనవాలు కాదు, జనాభా లెక్క. అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసయ్య, అప్పలకొండ, ఒట్టి అప్పన్న... వీధి మొదట్లో నిలబడి “అప్పలా” అని కేకేస్తే సగం వీధి గుమ్మాల్లోకి వస్తుంది. సింహాచలం అన్న పేరైతే ఆడవాళ్ళకీ ఉంటుంది, మగవాళ్ళకీ ఉంటుంది. సింహాద్రి అప్పన్న దయవల్ల మాకు పేర్లకి వెతుక్కోవలసిన పని లేదు గాని, భూమి రికార్డుల కంప్యూటర్లో పేరు కొట్టి వెతకవలసిన రోజున ఆ దయే మెడకు చుట్టుకుంటుంది.

ఈ వెతుకులాట నాకు నేనుగా తలకెత్తుకున్నది కాదు. టెక్సాసులో ఉన్న మా మేనల్లుడు ఒక రాత్రి ఫోన్ చేశాడు. “మావయ్యా, ఇల్లు కొందామని చూస్తున్నాం. కౌంటీ వాళ్ళ సైట్లో అడ్రసు కొట్టగానే ఆ ఇంటి పుట్టుపూర్వోత్తరాలన్నీ వచ్చేశాయి. ఎవరు ఎవరికి అమ్మారు, ఏ బ్యాంకుకి తాకట్టు పెట్టారు, పన్నెంత, అన్నీ. తాతయ్య భూమి కాగితాలు కూడా ఒకసారి తీసి పంపండి. అమ్మ వాటా సంగతి తేల్చేద్దాం.”

చొక్కా జేబులో ఉన్న పెన్ను తీసిమ్మన్నంత తేలిగ్గా అన్నాడు. పక్కనుంచి మా చెల్లెలి గొంతు కూడా వినపడింది. మనవడి పురిటికని వెళ్ళి అక్కడే ఉండిపోయింది. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది 1956 హిందూ వారసత్వ చట్టం. ఉమ్మడి ఆస్తిలో కూడా సమానమన్నది మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, అంటే దేశంలోని చాలా రాష్ట్రాల కంటే ఇరవై ఏళ్ళు ముందు. నా పుట్టినరోజు ఎప్పుడూ మరిచిపోయే మా చెల్లెలికి ఈ రెండు చట్టాలూ కంఠతా వచ్చు.

భూమి నగరానికి ఉత్తరాన, హైవేకి అటుపక్క ఒక పల్లెలో ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే రేపు పొద్దున్నకి అక్కడ గజం రేటు పెరుగుతుంది, లేదా మా భూమి మీద ఇంకొకరి బోర్డు లేస్తుంది. రెండూ మా ఊళ్ళో ఒకే వేగంతో జరిగే పనులు.

మేనల్లుడికి చెప్పడానికి ప్రయత్నించాను. అక్కడ కాగితాలు కౌంటీ అనే ఒక చోట దొరుకుతాయేమో గాని, ఇక్కడ భూమి ఒకటే, దాని జాతకం మాత్రం ముక్కలై తలా ఒకరి దగ్గరా ఉంటుంది. ఎవరు ఎవరికి అమ్మారన్నది రిజిస్ట్రేషన్ శాఖకి తెలుసు. ఎవరు దున్నుతున్నారన్నది రెవెన్యూ వాళ్ళకి తెలుసు. ఏ ఆకారంలో ఉందన్నది సర్వే వాళ్ళకి తెలుసు. పన్ను ఎవరు కడుతున్నారన్నది పంచాయతీకో నగరపాలక సంస్థ జీవీఎంసీకో తెలుసు. “మరి ఈ భూమి ఎవరిదండీ?” అని సూటిగా అడిగామో, ప్రతివాళ్ళూ మర్యాదగా పక్క ఆఫీసు చూపిస్తారు. వాళ్ళని అని లాభం లేదు. మన దేశంలో రిజిస్ట్రేషన్ అయ్యేది దస్తావేజు, హక్కు కాదు. నాది కాని పెరడు మీకు అమ్ముతున్నానని రాసి, సుంకం కట్టి, సాక్షులిద్దరిని వెంటబెట్టుకుని వెళితే, ఆ పెరడు అసలు నాదేనా అని విచారణ జరిపే పని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సబ్‌రిజిస్ట్రారుకి అప్పజెప్పలేదు. అది కొనేవాడి పని. కొనేవాడు ఈసీ తీస్తాడు.

ఈసీ గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే మా విశాఖలో పెళ్ళిచూపుల కంటే ముందు ఈసీ తీసే కుటుంబాలు నాకు తెలుసు. ఫలానా ఆస్తి మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఏయే దస్తావేజులు రిజిస్టరయ్యాయో చెప్పే పట్టీ అది. అమ్మకం, తాకట్టు, దానం, భాగపంపకం అన్నీ అందులో పడతాయి. పడనివి కూడా ఉన్నాయి. రిజిస్టరు కాని అగ్రిమెంటు పడదు. అందులో కనపడని కోర్టు కేసులు ఉంటాయి, నోటిమాట మీద ఇచ్చిన కౌలు ఉంటుంది. కనుక ఈసీలో ఏమీ లేదంటే భూమికి ఏ గొడవా లేదని కాదు, ఉన్న గొడవ ఏదీ సుంకం కట్టి రాలేదని అర్థం.

ఇప్పుడు ఈసీ ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులకి కంప్యూటర్లు 1998 నవంబరులో వచ్చాయి, ‘కార్డ్’ అన్న పేరుతో. అప్పట్లో దేశమంతా వచ్చి చూసి వెళ్ళిన వింత అది. అయితే కంప్యూటరుకి జ్ఞాపకం 1983 నుంచే. అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకి వెళ్ళి పుస్తకాలు వెతికించాలి. మా నాన్న ఆ భూమి కొన్నది 1961లో. కంప్యూటరు దృష్టిలో మా నాన్న ఇంకా పుట్టలేదు.

అయినా 1983 తర్వాత ఎవరైనా దాన్ని అమ్మేశారేమో చూడాలి కదా. పేరు కొట్టాను. అప్పలలందరూ వచ్చారు. పైగా ఇంగ్లీషు స్పెల్లింగులు. ఒకే మనిషి పేరు చివర ‘వై’తో ఒకసారి, ‘ఐ’తో ఒకసారి, మధ్యలో ‘డబ్ల్యూ’ ఊడిపోయి ఇంకోసారి. ఇంటిపేరు ముందు పెట్టినవాడు ఒకచోట, చివర పెట్టినవాడు ఒకచోట. పేరు వదిలేసి సర్వే నంబరు పట్టుకున్నాను. అదీ నిలకడగా ఉండే రకం కాదు. 45లో 2 అనే సబ్‌డివిజన్ని ఒక దస్తావేజులో గీత పెట్టి రాస్తారు, ఒకదాంట్లో చుక్క పెట్టి, ఒకదాంట్లో ‘45/2 పార్టు’ అని, తొందరలో ఉన్న లేఖరి ఒట్టి 45 అని. అన్ని రకాలుగానూ కొట్టి చూడాలి. ఒక్క రకంగా కొట్టి ‘ఏమీ లేవు’ అని వస్తే సంబరపడేవాళ్ళు కొనేవాళ్ళు. అన్ని రకాలుగా కొట్టేవాళ్ళు ఒకసారి కొని ఉన్నవాళ్ళు.

1961 దస్తావేజు కోసం మా ప్రాంతపు దస్తావేజు లేఖరి ఒకాయన్ని పట్టుకున్నాను. ఆయనకి డెబ్భై దాటాయి. సబ్‌రిజిస్ట్రార్లు ఎంతమంది మారినా ఆయన బల్ల మారలేదు.

“బాబుగారూ, దస్తావేజు నంబరు, సంవత్సరం ఉన్నాయా?” అన్నారు.

“సంవత్సరం ఉంది.”

“ఏ ఆఫీసు?”

“ఇప్పటి ఆఫీసేనా?”

ఆయన నా వంక జాలిగా చూశారు. “అప్పటికి ఈ ఆఫీసు ఉందనుకున్నారా? ఊళ్ళు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి కోడళ్ళలా వెళ్ళిపోతుంటాయండీ. పుట్టింటి రికార్డు పుట్టింట్లోనే ఉంటుంది.”

మొత్తానికి పుట్టిల్లు కనుక్కున్నారు. అమ్మకం దస్తావేజుల నకళ్ళు ఒకటో పుస్తకంలో ఉంటాయి. చట్టంలోని 57వ సెక్షను ప్రకారం రుసుము కట్టి ఆ పుస్తకాన్నీ దాని సూచికనీ ఎవరైనా చూడవచ్చు, ఆస్తి మనదే కానక్కరలేదు. వీలునామాల పుస్తకం మాత్రం అలా అందరికీ తెరవరు. ఒకటో పుస్తకంలో మా నాన్న దస్తావేజుని ఆ రోజుల్లో ఎవరో గుమాస్తా చేత్తో తిరగరాసి ఉన్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలు అనను, మధ్యలో టీ తాగడానికి లేచిన చోటు స్పష్టంగా తెలుస్తోంది. సర్టిఫైడ్ కాపీ చేతికి వచ్చాక చదివాను.

పాత దస్తావేజుల తెలుగు ఎవరైనా పత్రికలో ధారావాహికగా వెయ్యాలి. మా నాన్నకి అమ్మినవాడు ఎకరా డెబ్భై సెంట్ల మెట్టతో పాటు నిధి, నిక్షేప, జల, తరు, పాషాణ, అక్షీణ, ఆగామి, సిద్ధ, సాధ్యాలన్నీ అమ్మేశాడు. పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించుకోమన్నాడు. అంటే భూమిలో పాతిపెట్టిన బిందెలు, బావిలో నీళ్ళు, చెట్లు, రాళ్ళు, ముందుముందు పుట్టబోయేవి, అన్నీ మావే. పోర్టులో గుమాస్తాగా చేరిన మా నాన్న నెల జీతాల్లోంచి మిగుల్చుకుని ఇంత కొన్నాడని ఆ రోజే తెలిసింది. మధురవాడలో మా అపార్టుమెంటు దస్తావేజు తీసి చూశాను. దాంట్లో అవిభాజ్యమైన ముప్ఫై ఆరు గజాల వాటా ఒక్కటే ఉంది. నిధుల ప్రసక్తే లేదు.

అసలు సంగతి చెక్కుబందీ దగ్గర ఉంది. తూర్పు: తాటిచెట్టు, దాని పక్క గట్టు. పడమర: ఫలానా వారి జీడితోట. ఉత్తరం: గెడ్డ. దక్షిణం: బండిదారి. భూమికి నాలుగు హద్దులూ ప్రాణం ఉన్నవో, కదిలేవో. గెడ్డ ప్రతి వానాకాలం తన దారి తను చూసుకుంటుంది. జీడితోట ఎప్పుడో లేఅవుటు అయిపోయింది. ఆ ఫలానా వారి పేరు కూడా అప్పలతోనే మొదలవుతుంది.

రాజుల కాలంలో ఈ పని ఇంకాస్త గట్టిగా చేశారు. తూర్పు గాంగరాజు అనంతవర్మ చోడగంగదేవుడి తామ్రశాసనాలు విశాఖపట్నం పేరుతోనే ప్రసిద్ధం. వాటిలో మొదటిది శకం 1003, అంటే 1081 నాటిది. పాత దాన శాసనాల్లో హద్దులుగా పుట్టలు, చెట్లు, చెరువులు చెప్పుకునేవారు, మా నాన్న లేఖరి లాగానే. తేడా అల్లా చివర ఉంటుంది. ఈ భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని శపించి మరీ ముద్ర వేసేవారు. రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ అనే సెక్షను ఉంది, ప్రభుత్వ, దేవాదాయ భూముల వంటివి రిజిస్టరు చెయ్యకూడదని జాబితా పెట్టడానికి. శాపం అందులో చేర్చలేదు. బహుశా అందుకే అది చాలటంలేదు.

ఈ జాబితా గురించి మావాళ్ళకి వివరించనక్కరలేదు. ఒక సర్వే నంబరులో ఒక్క తునక ప్రభుత్వానిదైనా నంబరు మొత్తం జాబితాకెక్కి కూర్చున్న సందర్భాలు రాష్ట్రమంతా ఉన్నాయి. ఇక సింహాచలం పంచగ్రామాల మాట ఎత్తితే ఈ వ్యాసం ముగియదు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి. 1996లో అక్కడి భూములకి దేవస్థానం పేరున రైత్వారీ పట్టా వచ్చింది. అప్పటికే ఇళ్ళు కట్టుకుని కాపురాలు చేస్తున్నవాళ్ళు ఆ రోజు నుంచి దేవుడి స్థలంలో ఉన్నవాళ్ళయ్యారు. అప్పటి నుంచి ఎన్ని ప్రభుత్వాలు వచ్చినా ఆ ఊళ్ళ గోడు తీరలేదు. సింహాచలంలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే కోరికలు తీరతాయంటారు. మామూలుగా సంతానం కోరుకుంటారు. ఆ అయిదు ఊళ్ళవాళ్ళు రిజిస్ట్రేషన్ కోరుకుంటారు, అదీ ఎదుటి పార్టీ దగ్గరికే వెళ్ళి.

స్టీలుప్లాంటు వైపు కథ వేరు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖకి ఉక్కు కర్మాగారం ఇస్తున్నామని చెప్పాక అరవై నాలుగు గ్రామాల భూమి దానికిందికి వెళ్ళింది. ఇల్లు పోయినవాళ్ళకి ఇచ్చిన ఆర్-కార్డు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో దేవుడి పటం వెనక ఉంటుంది, ఉద్యోగం వస్తుందని. ఆ ఊళ్ళ పొలాలకి కూడా సర్వే నంబర్లుండేవి, రాళ్ళుండేవి. ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. కనుక ఆ ఊరి రైతు ఎవరైనా ఇవాళ తన పాత పొలానికి చెక్కుబందీ రాసుకుంటే తూర్పు గోదావరి, పడమర కృష్ణ అని రాసుకోవచ్చు. గాజువాకలో కూర్చుని మొత్తం కోస్తా జిల్లాలకి పట్టాదారు కావచ్చు.

మళ్ళీ మా ఎకరా డెబ్భై సెంట్లకి వస్తాను. దస్తావేజు దొరికింది గనక ఇక రెవెన్యూ వైపు. ‘మీభూమి’ సైటు 2015 నుంచి ఉంది. అందులో 1-బి, అడంగల్ చూసుకోవచ్చు. 1-బి అంటే హక్కుల పట్టీ, ఎవరి ఖాతాలో ఎంత ఉందో. అడంగల్ అంటే ఏటేటా ఆ నేలలో ఏముంది, ఎవరు అనుభవిస్తున్నారు అన్న లెక్క. ఇందులో పట్టాదారుకి ఒక గడి, అనుభవదారుకి ఇంకో గడి. మన తెలుగు జీవితం మొత్తం ఆ రెండు గడుల మధ్యే ఉంది. మా నాన్న పట్టాదారుగా ఉన్నాడు. విస్తీర్ణం ఎకరా అరవై మూడు. ఏడు సెంట్లు ఎక్కడో దారిలో దిగిపోయాయి.

ఆ ఏడు సెంట్ల కోసం పాత అడంగళ్ళు అడిగాను. “ఏ ఫసలీవి కావాలి?” అన్నాడు ఆఫీసులో కుర్రాడు. ఫసలీ అంటే అక్బరు కాలం నాటి పంటల సంవత్సరం. జులై 1న మొదలవుతుంది. మొదలైన ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. మొగలులు పోయారు, కంపెనీ పోయింది, దొరలు పోయారు, జమీందార్లని 1948 ఎస్టేటుల రద్దు చట్టం తీసేసింది. ఫసలీ మాత్రం రెవెన్యూ ఆఫీసులో ఫ్యాను కింద హాయిగా ఉంది. మా నాన్న కొన్న ఏడు 1371. తీసి చూపించమన్నాను. కట్టలో దాని ముందుదీ వెనకదీ ఉన్నాయి, అదొక్కటే లేదు.

ఊరి లెక్కలు పూర్వం కరణం గారింట్లో ఉండేవి. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాలనీ మునసబులనీ ఒక్క కలంపోటుతో రద్దు చేసింది. మంచిదే అనుకుంటాను. ఊరు మొత్తాన్ని ఒక ఇంటి కలం కింద ఉంచడం ఏ రకంగానూ బాగు కాదు. కానీ రద్దయింది ఉద్యోగం. ఏ పొలం ఎవరిది, ఎవరు ఎవరికి నోటిమాటగా ఇచ్చారు అన్న జ్ఞాపకం కరణం గారి బుర్రలోనే ఉండిపోయింది, దాన్ని స్వాధీనం చెయ్యమని ఏ ఆర్డినెన్సూ అడగలేదు. కాగితాలు కూడా కొన్ని ట్రంకుపెట్టెల్లో ఉండిపోయాయని మా ప్రాంతంలో చెప్పుకుంటారు.

ఇక పటం. ప్రతి సర్వే నంబరుకీ ఒక పటం ఉంటుంది, దాన్ని ఎఫ్ఎంబీ అంటారు. పాతవాటిలో కొలతలు అడుగుల్లో ఉండవు, లింకుల్లో ఉంటాయి. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ అనే లెక్కల పండితుడు అరవై ఆరు అడుగుల గొలుసు చేయించి దానికి వంద లింకులు పెట్టాడు. మనం రోజూ బేరమాడే సెంటు ఆయన లెక్కలో వెయ్యి చదరపు లింకులు, మన లెక్కలో 48.4 గజాలు. ఇంతకీ మా ఊరు కొలతలకి కొత్త కాదు. హిందూదేశం మొత్తాన్ని త్రికోణాలుగా కొలిచిన మహా సర్వేలో విశాఖపట్నం ఆధారరేఖ ఒకటి ఉంది, 1862 ప్రాంతంలో కొలిచారు. ఆ రేఖ పట్టుకుని దేశాన్ని కొలిచేశారు. మా ఏడు సెంట్లు మాత్రం తేలలేదు.

ఎఫ్ఎంబీలు దొరకడమే గొప్ప. 2017లో మా జిల్లాలో భూమి రికార్డులు తారుమారయ్యాయనీ కనపడటంలేదనీ పెద్ద గగ్గోలు లేచి ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. 2019లో ప్రభుత్వం మారాక ఇంకో ప్రత్యేక బృందం వచ్చింది. భూమి విషయంలో ఒక్క కాపీ ఎప్పుడూ సరిపోదన్న పాఠం ప్రభుత్వం కూడా నేర్చుకుంది. మాది దొరికింది. ఎఫ్-లైన్ అర్జీ పెట్టుకున్నాం, అంటే మా హద్దులు కొలిచి చూపించమని.

సర్వేయరు వచ్చిన రోజు ఊరంతా వచ్చింది. గొలుసు లేదు. ఉపగ్రహాలతో మాట్లాడే రోవరు కర్ర ఒకటి తెచ్చాడు. పక్క పొలం ఆసామి కూడా వచ్చాడు. ఆయన నగరంలో వ్యాపారం చేసి, ఈ మధ్యే ఆ భూమి కొని, చుట్టూ గోడ కట్టించాడు. గోడ మావైపు కాస్త ఆవలించినట్టు నాకు అనిపిస్తూనే ఉంది.

తాటిచెట్టు ఎక్కడుండేదో చెప్పడానికి ఊళ్ళో అందరికంటే పెద్దాయన్ని పిలిచారు. ఆయన పంచె ఎగ్గట్టి గట్టు మీద నిలబడ్డాడు.

“తాటిసెట్టా? ఇంకెక్కడి తాటిసెట్టు బాబూ! హుద్‌హుద్ తుపానికి పడిపోనాది. ఆ ఏడు పడని సెట్టుందేటి?”

2014 అక్టోబరు 12న వచ్చిన ఆ గాలి విశాఖలో ఏం మిగిల్చిందో చూసినవాళ్ళకి తెలుసు. మా తూర్పు హద్దుని కూడా తీసుకుపోయిందన్నది అప్పుడే తెలిసింది.

“మరి సర్వే రాయైనా ఉండాలి కదండీ” అన్నాడు సర్వేయరు.

“రాయుంది. అదిగో, ఆ ఏపసెట్టు కింద. దాన్ని ముట్టుకోకండి. నూకాలమ్మ తల్లి.”

చూస్తే నిజంగానే రాయి. పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, పైన ఎర్రగుడ్డ కట్టి ఉంది. ముందు రెండు కొబ్బరి చిప్పలు. సర్వేయరు చెప్పులు విప్పి, వంగి, గుడ్డ కొంచెం పక్కకి జరిపి చూశాడు. కింద చెక్కిన బాణం గుర్తు కనపడింది.

మద్రాసు కాలం నాటి 1923 సర్వే, హద్దుల చట్టం ప్రకారం సర్వే రాయి పీకడం నేరం. ఊరి చట్టం ప్రకారం ఆ రాయి పీకితే కళ్ళు పోతాయి. చుట్టుపక్కల రాళ్ళలో చాలా వాటిని మొదటి చట్టం కాపాడలేకపోయింది. వాటితో కొందరు బట్టలుతుక్కుంటున్నారు, కొందరు గుమ్మం మెట్టుగా వేసుకున్నారు. ఈ ఒక్కటీ రెండో చట్టం కిందికి వచ్చింది గనక మిగిలింది. చోడగంగదేవుడి వాళ్ళకి ఈ రహస్యం ముందే తెలుసు.

రోవరు కర్ర రాయి పక్కన పెట్టి లెక్క కట్టాడు. పక్కాయన గోడ మా భూమిలోకి ఆరడుగులు వచ్చి ఉంది. “నా దగ్గర రిజిస్టర్డ్ డాక్యుమెంటు ఉంది” అన్నాడాయన. “నా దగ్గరా ఉంది” అన్నాను. ఇద్దరివీ అసలైనవే. ఆయన సర్వేయరుతో గట్టిగా వాదించాడు, ఉపగ్రహాలతో కూడా వాదించేవాడేమో. పెద్దాయన మాత్రం చేతులు జోడించి ఒక్క మాటన్నాడు: “బాబూ, తల్లి రాయి గోడకి తగుల్తంది. మీ ఇంట్లో పిల్లలున్నారు.” ఆ గోడ ఇప్పుడు లేదు.

పక్క ఊళ్ళో రీసర్వే అయిపోయింది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో వందేళ్ళ తర్వాత జరుగుతున్న రీసర్వే అంటూ డ్రోన్లతో మొదలుపెట్టారు. కొత్త రాళ్ళు పాతారు, పాసుపుస్తకాల మీద ముఖ్యమంత్రి ఫొటో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక ఫొటో పోయి రాజముద్ర వచ్చింది. పట్టాదారు మొహం మీద చర్చ జరిగిన దాఖలా లేదు. హక్కుకి ప్రభుత్వమే పూచీ ఉండే పద్ధతి ఒకటి 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఆ దారిలోదే మన రాష్ట్రంలో 2022 భూ హక్కుల చట్టం. ఎన్నికల్లో దాని మీద జరిగిన రభస మీకు గుర్తుండే ఉంటుంది, 2024లోనే రద్దు చేసేశారు. హైదరాబాదులో ఉన్న మా వియ్యంకుడు మమ్మల్ని చూసి నవ్వబోయాడు గాని, వాళ్ళకి 2020లో వచ్చిన ధరణి 2025లో భూభారతిగా మారింది. కాబట్టి ఇద్దరం టీ తాగి ఊరుకున్నాం.

ఇదంతా మేనల్లుడికి ఫోన్లో చెబుతుంటే వాడు మధ్యలో అందుకుని, “మాకు ఈ బాధ లేదు మావయ్యా. ఇల్లు కొనేటప్పుడే టైటిల్ ఇన్సూరెన్సు తీసుకుంటున్నాం” అన్నాడు.

“అదెందుకురా? కౌంటీలో అన్నీ ఉన్నాయన్నావు కదా.”

“ఉన్నాయి గాని, వెనకెప్పుడో ఎవడైనా దొంగ సంతకం పెట్టి ఉంటే? ఎవరో వారసుడు తేలితే?”

నాకు ప్రాణం కుదుటపడింది. అమెరికాలో కూడా కౌంటీ దాచేది కాగితమే, హక్కుకి పూచీ పడదు. ఆ భయంతోనే 1876లో ఫిలడెల్ఫియాలో గతానికి బీమా చేసే కంపెనీ పెట్టారు. వాళ్ళు పాలసీ కడతారు. మేం రాయికి పసుపు రాస్తాం.

తర్వాత భాగపంపకం దస్తావేజు. చెల్లెలు రాలేదు గనక ఇక్కడే ఉన్న తన భర్త, మా బావగారి పేరున స్పెషల్ పవర్ రాసి, హ్యూస్టన్ కాన్సులేటులో ధ్రువీకరింపజేసి పంపింది. విదేశంలో రాసిన కాగితానికి ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. భాగపంపకం దస్తావేజుని సంతకాలు పెట్టిన నాలుగు నెలల్లోగా రిజిస్ట్రేషన్‌కి ఇవ్వాలి. ఈ రెండు గడువులూ మా బావగారు క్యాలెండరు మీద ఎర్రసిరాతో రాసుకుని, మా ఇంటికి వచ్చినప్పుడల్లా మా క్యాలెండరు మీద కూడా రాశారు. చెక్కుబందీ దగ్గర లేఖరి గారు కలం ఆపి, “తూర్పు ఏం రాయమంటారు?” అన్నారు. సర్వే రాయి అని రాయమన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, సొంతంగా ‘నూకాలమ్మ వారి రాయి’ అని రాశారు. నిధి, నిక్షేపాలు కూడా వదల్లేదు. సగం చెల్లెలివి.

వేలిముద్రలయ్యాయి, ఫొటోలయ్యాయి, మ్యుటేషనయింది. అంటే రెవెన్యూ ఖాతాలో నాన్న పేరు తీసి మా పేర్లు ఎక్కించారు. కొత్త 1-బి వచ్చింది. సర్వే నంబరు సరిగ్గా ఉంది. విస్తీర్ణం సరిగ్గా ఉంది, కొలతలో తేలిన సెంట్లతో సహా. చెల్లెలి పేరులో ఒక్క అక్షరం పోలేదు. నా పేరు పక్కన ‘తండ్రి/భర్త’ అనే గడిలో మా బావగారి పేరు ఉంది.

ఆయన చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. “తండ్రినా, భర్తనా?” అన్నారు చివరికి. గడిలో ఆ వివరం లేదు.

మేనల్లుడికి స్క్రీన్‌షాట్ పంపాను. “ఇదేం పెద్ద పని మావయ్యా, కరెక్షన్‌కి అప్లై చెయ్యండి” అన్నాడు. వెళ్ళి అడిగాను. దరఖాస్తుతో జతచేయవలసిన కాగితాల పట్టీ ఇచ్చారు. ఆధార్, దస్తావేజు నకలు, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, వాటన్నిటికంటే పైన, మొదటి వరసలో: సరైన వివరాలున్న 1-బి.